మెల్లగ అడిగిన మాట

మా ఇంటాయన చెవిటోడా, లేకపోతే మాయలోడా అన్నది ఇన్నేండ్ల సంసారంల నాకు సమజ్ కాలే. వంటింట్ల కెల్లి "పప్పుల ఉప్పెక్కువైందా?" అని అడిగితే "జరంత" అని ఠక్కున జెప్తడు. అదే పక్కన గూసొని మనసుల మాట ఒకటి అడుగు, దున్నపోతు మీద వాన వడ్డట్టే. ఉలకడు, పలకడు. గోడ దిక్కు సూస్కుంట కూసుంటడు.

పేరేంది అంటరేమో. మొగని పేరు నోట్లకెల్లి తీసే అలవాటు నాకు లేదు. గల్లీల అందరు మొగిలన్న అని పిలుస్తరు, మిగిలింది మీరే అర్థం జేస్కోండ్రి. నా పేరు కౌసల్య. ఆయన జనగామ దిక్కు కెల్లి మీసాలు మొలవకముందే నాచారం వచ్చి, ఒక ఫ్యాక్టరీల పవర్ ప్రెస్సు మీద పనికి కుదిరిండు. ఇనుప రేకు వెట్టాలె, ప్రెస్సు దిగాలె, దడేల్‌మనాలె, ఫ్యాను మూత ఒకటి బయటవడాలె. పొద్దంత అదే పని. ఆయన నిలబడే జాగకు ఒక దిక్కు గోడ, ఇంకో దిక్కు అన్నిట్ల పెద్ద ప్రెస్సు. కొత్తల సద్ది గిన్నె వట్టుకొని నేను గేటు కాడికి పోతేనే ఆ సప్పుడుకు చెవులు గింగురుమనేటియి. "చెవులల్ల దూది వెట్టుకోవయ్యా" అంటే, "దూది వెట్టుకుంటే మేస్త్రీ పిలిస్తె ఎట్ల వినాలె?" అనేటోడు. ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు, హబ్సిగూడల ఒక అపార్టుమెంటుకు పగటి పూట వాచ్‌మన్. పొద్దుగూకంగ ఇంటికొస్తడు, కాళ్లు కడుక్కుంటడు, సోఫాల కూసొని టీవీ వెడ్తడు. నేను పోయి నా జాగల కూసుంట. నా జాగ అంటే ఆయనకు ఎడమ పక్క. పెండ్లైన కొత్తల మా అత్త వెట్టిన జాగ అది. "పెండ్లామన్నది మొగనికి ఎడమ పక్కనే ఉండాలె, కూసున్నా, పన్నా, నడిచినా" అనేది. ఆమె పోయి గోడ మీద ఫోటో అయింది గని నా జాగ మాత్రం మారలే.

ఇగ ఆ టీవీ సప్పుడు మా ఇంటికే గాదు, గల్లీ మొత్తానికి వార్తలు జెప్పేది. పక్క పోర్షన్ల సత్యవేణి టీచరు ఉంటది, కాకినాడ దిక్కు ఆమె, మర్యాదస్తురాలు. ఒకనాడు తలుపు కొట్టింది.

"కౌసల్య గారూ, ఏమనుకోకండి. మా సుష్మకి పరీక్షలండీ. కొంచెం సౌండు తగ్గించమని అన్నయ్య గారికి చెప్తారా?"

గంత మంచిగ అడిగితే సిగ్గనిపియ్యదా? "దవాఖానకు పోదాం, చెవి మిషను వెట్టిచ్చుకుందువు" అన్న. అగ్గి మీద గుగ్గిలం అయిండు. "నేను చెవిటోన్నా? టీవీవోల్లే నోట్లె నోట్లె గొణుగుతున్నరు!" అన్నడు.

గప్పుడు మా బిడ్డ హిమజ ఒక డబ్బా తెచ్చింది. బిడ్డ పెండ్లై కాప్రాల ఉంటది, ఆఫీసుల కంప్యూటర్ల పని. డబ్బాల అగ్గిపెట్టెంత నల్ల పెట్టె, దానికి తోక లెక్క ఒక వైరు, ఇంకో దాంట్ల పెద్ద హెడ్‌ఫోన్లు.

"ఇది బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ అమ్మా. టీవీకి తలిగిస్తే సౌండును గాల్లకు పంపిస్తది. బాపు హెడ్‌ఫోన్లు వెట్టుకుంటే ఆయనకు ఒక్కనికే వినొస్తది" అన్నది.

"గాల్లకు పంపిస్తె, గాలి ఆయన దిక్కే పోతదా? నా దిక్కు రాదా?"

"పెయిర్ అయితది అమ్మా. ఇది దాన్ని గుర్తువడ్తది, అది దీన్ని గుర్తువడ్తది. రెండు కలిస్తే లైటు కొట్టుకునుడు ఆగిపోతది."

నాకేం తెల్వలే గని తలకాయ ఊపిన. ఇప్పటి పిల్లలకు తెల్వదంటే ఇంకోసారి అదే మాట ఇంకా జోరుగ జెప్తరు. వైరు టీవీ ఎనక దూర్చింది. నీలం లైటు టపటప కొట్టుకుంది, ఆగింది. హెడ్‌ఫోన్లల్ల మాత్రం కుయ్ లేదు, కయ్ లేదు. టీవీల సుత సప్పుడు లేదు. తెర మీద అత్త కోడలిని తిడ్తనే ఉన్నది, నోరాడుతున్నది, మాట మాత్రం ఎటు వోయిందో. ఇంతల సత్యవేణి టీచరు ఉరికొచ్చింది.

"కౌసల్య గారూ! మా సుష్మ స్పీకరులోంచి ఎవరో ఆవిడ మమ్మల్ని ఇల్లొదిలి పొమ్మంటోందండీ!"

హిమజ కడుపు వట్టుకొని నవ్వింది. ఆ పెట్టె పోయి పక్కింటి స్పీకరుతోని కలిసిందట. నాకు నవ్వు రాలే, గుబులైంది. మా టీవీ మాట వాళ్లింట్ల వినొస్తే, మేము మాట్లాడుకునేటియి? "ఉత్త టీవీదే అమ్మా, నీ మాటలు పోవు" అన్నది బిడ్డ. ఏమో తల్లీ! నేనైతే కొన్నొద్దులు ఆ పెట్టె దిక్కు సూసుకుంటనే మాట్లాడిన.

సుష్మ తన స్పీకరు బంద్ జేసినంక హిమజ మల్ల కలిపింది. హెడ్‌ఫోన్లు ఒక దిక్కు చెవికి ఆనిచ్చి "ఆఁ, వస్తుంది" అని, తీస్కపోయి వాళ్ల బాపు నెత్తికి తొడిగింది. ఆయన మొఖం సూడాలె మీరు. చిన్న పొల్లగానికి కొత్తంగి తొడిగినట్టే ఉండె. "మస్తు వినొస్తుంది బిడ్డా! రెండు చెవులు నిండిపోయినయ్!" అన్నడు. ఆ మాట యాది వెట్టుకోండ్రి, నేనైతే యాది వెట్టుకోక ఆగమైన.

అప్పటి సంది మా ఇల్లు చల్లవడ్డది. సత్యవేణి టీచరు కుడుములు పంపింది. గని నా గతి సూడుండ్రి. ఆ వైరు దూరిస్తే టీవీల కెల్లి నాకు సప్పుడు రాదు. "వైరు ముట్టకు, ముట్టినవో కథ మల్ల మొదటికొస్తది" అని బిడ్డ బెదిరిచ్చి పోయింది. ఆయన నవ్వుతడు, ఎందుకు నవ్వుతడో తెల్వది. కండ్లు తుడుసుకుంటడు, ఎవలు సచ్చిన్రో తెల్వది. నేను పక్కన గూసొని మూగ బొమ్మలు సూసుకుంట చిక్కుడుకాయ ఈనెలు తీస్త.

అది గాదు నా కడుపు మంట. నా కడుపు మంట మా అక్క.

మా అక్క సూర్యకళ జవహర్‌నగర్‌ల మూడో అంతస్తుల ఒక్క అర్రల ఒక్కతే ఉంటది. బావ పోయిండు, పిల్లల్లేరు, బ్లౌజులు కుట్టి బతుకుతది. మా అవ్వ పోయినప్పుడు నేను గింతంత. నెత్తి దువ్వింది, బువ్వ వెట్టింది, పెండ్లి జేసి పంపింది అక్కనే. ఇప్పుడామెకు ఆయాసం. చెత్త డంపు యార్డు దిక్కు కెల్లి గాలి మళ్లిందంటే ఊపిరాడక గోడ వట్టుకొని నిలబడ్తది. "ఈ మెట్లు, ఈ గాలి నీకు పడవు, జాగ మార్చు" అన్నడు డాక్టరు. మా ఇంట్ల ముందటర్ర హిమజ పోయిన కాన్నుంచి ఖాళీ. అక్కను తెచ్చుకోవాలెనని నా పాణం కొట్టుకుంటది. గని మొగన్ని అడగాలె గద? పుట్టింటోల్లను తెచ్చి ఇంట్ల వెట్టుకునే ముచ్చట ఎవలన్న ఒర్రి అడుగుతరా? పక్కన గూసొని, మొఖం సూడకుంట, మెల్లగ అడుగుతరు. నేనూ గట్లనే అడిగిన.

మొదట సోఫాల అడిగిన, టీవీ బంద్ జేసి హెడ్‌ఫోన్లు తీసి పక్కన వెట్టినంకనే. "అక్కకు పాణం మంచిగుంటలేదు. ముందటర్రల ఉంచుకుందామా?" అన్న. గోడ దిక్కు సూసిండు. లేచి నీల్లు తాగి పన్నడు. 

ఇంకోసారి అక్కను సూసొచ్చేటప్పుడు బండి మీద అడిగిన. ఆయన సిగ్గుకు పైకి రాడు, కిందనే బండి కాడ నిలబడ్తడు. నేను పోయి అక్కకు నాలుగు రొట్టెలిచ్చి, ఆమె వీపు రుద్ది, ఏడ్పు మింగుకుంట దిగొచ్చిన. ఎప్పటి లెక్కనే ఎడమ దిక్కు కాళ్లేసి కూసొని, భుజం మీద చెయ్యేసి, "అక్కను మనింటికి తెచ్చుకుందామయ్యా, పుణ్యముంటది" అన్న. ఈసీఐఎల్ చౌరస్తా వచ్చింది, పోయింది. మాట రాలే. ముందట ఆటోవోనికి హారన్ గొట్టిండు.

అటెనుక చాయ్ ఇచ్చుకుంట అడిగిన, గుడికి నడుసుకుంట అడిగిన. గోడకు జెప్పినట్టే అయింది.

కాదంటే కాదనొచ్చు గద! కొట్లాడేదాన్ని. నాకేం నోరు లేదా, నా నోటికి కూరగాయల బండోడే జడుస్తడు. ఏమనకుంట కూసుంటే ఎవలతోని కొట్లాడాలె? ఇంతకు ముందైతే చెవులు మందమేమో అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. గిప్పుడు ఆ పెట్టె వచ్చి ఆయన చెవులు సక్కగున్నయని సాక్ష్యం జెప్పవట్టె. టీవీల గజ్జెల సప్పుడైనా "అగో, ఎవలో వస్తున్నరు" అంటడు. వంటింట్ల కెల్లి నేను "బియ్యం అయిపోయినయ్" అంటే వింటడు. పాణమంత మాటల వెట్టి పక్కన గూసొని అడిగితే మాత్రం వినడు. దీన్నేమనాలె? వినొద్దనే వింటలేడు అనుకున్న. ఇంకేమనుకుంటరు ఎవలన్న?

ఒకనాడు పొద్దుగాల ఆయన డ్యూటీకి పోంగనే అక్క ఫోన్ జేసింది. ఊపిరి ఎగపోసుకుంట మాట్లాడింది.

"కౌసల్యా, కీసర దిక్కు ఒక ఆశ్రమం ఉన్నదట. పేరిచ్చిన. ఐతారం వచ్చి తోల్కపోతరట."

"ఆశ్రమమేందక్కా? నేను సచ్చిన్నా?"

"గట్లనకు. మీ ఆయనను అడుగుత అంటివి గద, అడిగినవా?"

అడిగిన, పలకలేదు అని ఎట్ల జెప్పాలె? "ఇంకా అడగలే అక్కా. ఆయనకు డ్యూటీ మస్తుంటుంది" అన్న.

"పోనీయ్ తియ్. నువ్వు రంది వెట్టుకోకు" అన్నది. ఫోన్ వెట్టేసినంక నేను కూలవడి ఏడ్చిన. ఏడ్చి, లేచి, సంచిల రెండు చీరెలు మడత వెట్టిన. అక్కతోని నేనూ పోత. నువ్వుండు, నీ నల్ల పెట్టె ఉండు, దాని నీలం లైటు ఉండు, మంచిగ గూసొని వినుండ్రి అనుకున్న.

ఇల్లంత ఉత్తగుండె. జర మనిషి మాట వినబడితే పాణం నిమ్మలమైతదని టీవీ వెట్టిన. సప్పుడెక్కడిది? వైరు ముడితే ఏమైతదో అని భయం. సరే అని మొదటిసారి ఆ హెడ్‌ఫోన్లు నేను తొడుక్కున్న.

కుడి చెవుల వంట జేసే ఆమె మాట్లాడుతున్నది. ఎడమ చెవుల ఏం లేదు. వేలు వెట్టి తిప్పుకున్న, తలకాయ దులుపుకున్న. లేదు. అయ్యో రాత! ఏడ్చి ఏడ్చి నా చెవు సుత పోయిందా? హెడ్‌ఫోన్లను అటుదిటు మర్లేసి తొడుక్కున్న. ఇప్పుడు ఎడమ చెవుల వంటామె వచ్చింది, కుడి చెవు సల్లవడ్డది. గిదేం మాయరా నాయినా! పోయిన చెవు వచ్చింది, ఉన్న చెవు పోయింది. మల్ల మర్లేసిన, మల్ల గట్లనే. చాన సేపటికి తెలిసింది, పోయింది నా చెవు గాదు, ఆ హెడ్‌ఫోన్ల ఒక దిక్కు. గప్పుడింకో భయం వట్టుకుంది. నేనే ఖరాబ్ జేసిన్నా ఏంది? పోయేదాన్ని పోక ఆయన వస్తువ ఖరాబ్ జేసి పోయిందంటరు. సంచి ఆడ్నే వెట్టి, హెడ్‌ఫోన్లు కొంగుల జుట్టుకొని షేర్ ఆటో ఎక్కి ఉప్పల్ పోయిన.

రింగురోడ్డు కాడ మెట్రో పిల్లరుకు ఎదురుంగ నరేన్ అనే పిలగాని దుకాణం ఉన్నది. మా మిక్సీ, ఫోను అన్ని ఆ పిలగాడే సూస్తడు. తన ఫోనుకు కలుపుకొని ఒక దిక్కు విన్నడు, ఇంకో దిక్కు విన్నడు. "లెఫ్ట్ సైడు డెడ్ ఆంటీ" అన్నడు.

"నేను తొడుక్కుంటే పోయిందా బిడ్డా?"

మరలు తీసి లోపల సూసిండు. "కాదు ఆంటీ. లోపల వైరు అసలు అతికియ్యనే లేదు. కొన్నప్పటి సంది గిట్లనే ఉన్నది. ఎవలు వాడుతరు దీన్ని?"

"మా ఇంటాయన. దినాం వెట్టుకుంటడు."

"మరి ఎడమ దిక్కు వస్తలేదని ఎన్నడు అనలేదా?"

"లేదే! రెండు చెవులు నిండిపోయినయ్ అన్నడు" అన్న. అన్నంక నా మాట నాకే వినొచ్చింది.

నరేన్ ఇంకేదో అంటున్నడు, రేపు అతికిచ్చి ఇస్త అనో ఏమో. నాకు తలకెక్కలే. అంటే ఆయనకు ఎడమ చెవి పనిజేస్తలేదా? పెద్ద ప్రెస్సు ఏ దిక్కుండేది? గేటు కాడ కెల్లి సూసిన జాగ కండ్ల ముందట వెట్టుకున్న. గోడ కుడి దిక్కు. ప్రెస్సు ఎడమ దిక్కు. మరి నేను? సోఫాల నేనే దిక్కు? బండి మీద నేనే దిక్కు? గుడికి వోయేటప్పుడు? నేను ఒర్రినయన్ని ఆయనకు వినొచ్చినయ్. ఉప్పు, బియ్యం, గ్యాసు, తిట్లు అన్ని వినొచ్చినయ్. మెల్లగ అడిగింది ఒక్కటే వినరాలే. ఆటోల కూసొని నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక హబ్సిగూడ దాంక కొంగు నోట్ల వెట్టుకున్న. ఎదురుంగ కూసున్న ఆమె "పాణం బాగలేదా అక్కా?" అని అడిగింది.

పొద్దుగూకంగ ఆయన వచ్చిండు. కాళ్లు కడుక్కున్నడు, సోఫాల కూసొని టీవీ వెట్టిండు. 

"హెడ్‌ఫోన్లేవి?"

"రిపేరుకిచ్చిన" అని వంటింట్ల కెల్లి ఒర్రిన. సరే అన్నడు.

మెల్లగ వచ్చి ఎడమ పక్కన నిలబడ్డ. ఎప్పుడు అడిగే గొంతుతోనే "చాయ్ తాగుతవా?" అన్న. మూగ టీవీ దిక్కు సూస్కుంటనే ఉన్నడు. సోఫా ఎనక కెల్లి తిరిగి కుడి పక్కకు వచ్చిన. అదే గొంతు, అంతే మెల్లగ, "చాయ్ తాగుతవా?" అన్న.

"తాగుత. జర అల్లం ఎయ్" అన్నడు.

చాయ్ గీయ్ లేదు, ఆ కుడి పక్కనే కూసున్న. ఆయన బీరిపోయి నన్ను సూసిండు, గోడ మీద వాళ్లమ్మ ఫోటో సూసిండు. 

"గీ పక్కన గూసున్నవేంది?"

"జరుగవయ్యా" అన్న. మొఖం సూడకుంట, చీరె కొంగు మడతలు వెట్టుకుంట, అడగాల్సింది అడిగిన. "అక్కకు ఆయాసం. ఆ గాలికి ఊపిరాడ్తలేదు. ఐతారం ఆశ్రమానికి పోతదట. మనింట్ల ముందటర్రల ఉంచుకుందామా?"

టీవీ బంద్ జేసిండు. నా దిక్కు మొత్తం తిరిగిండు.

"వదినెకా? ఆయాసమా? ఎప్పటి సంది?"

"చాన రోజులాయె."

"ఆశ్రమమేందే? మనం లేమా? ముందటర్ర ఎవనికి వెట్టినం, ఎలుకలకా?" అది కోపమో, బాధనో నాకు తెల్వలే. "నేనేమన్న పరాయోన్నా? ఇంత జరుగుతుంటే నాకొక్క ముక్క జెప్పకపోతివి. ఎన్నడన్న నోరిడిసి అడిగినవా నన్ను?"

నోటి దాంక వచ్చింది. సోఫాల అడిగిన, బండి మీద అడిగిన, చాయ్ ఇచ్చుకుంట అడిగిన అని ఒర్రాలెననిపిచ్చింది. ఆయన మొఖం సూసిన. నిజంగనే నా మీద అలిగి కూసున్నడు ఆ పిచ్చి మనిషి.

"లేదయ్యా" అన్న. "ఇయ్యాల్నే అడుగుతున్న."

"మరి గదే!" అని లేచి బండి తాళం అందుకున్నడు. "నడువ్. ఐతారం దాంక ఎందుకు, ఇప్పుడే తోల్కొద్దాం. ఆటో మాట్లాడి సామాను అండ్ల ఏద్దాం."

ఆయన చెప్పులు తొడుక్కునే లోపల నేను సంచిల కెల్లి రెండు చీరెలు తీసి బీర్వల వెట్టేసిన. చెవి డాక్టరు ముచ్చట రేపు తీస్త, కుడి పక్కన గూసొని.

బండెక్కిన. ఆయన ఎమ్మటే స్టార్టు జేసి గల్లీలకెల్లి బాణం లెక్క తీసిండు. చీరెకు కాళ్లు ఎడమ దిక్కే వెయ్యాలె, ఏం జేస్త. మెడ సాపి కుడి భుజం మీదికి వంగి, "జర మెల్లగ పోవయ్యా" అన్న. మెల్లగనే అన్న.

ఆయన స్పీడు తగ్గిచ్చిండు.